హెడ్‌లైట్ నీ వాటా

మట్టెవాడ, వరంగల్
ఫిబ్రవరి 3

సదానందానికి,

కవరు చూసి గుండె పట్టుకోకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే నీకు వినిపించదు. ముప్పై నాలుగేళ్ళు భివండీ పవర్‌లూముల మధ్య కరెంటు పని చేసి చెవులు అక్కడే వదిలేశావు. మెసేజ్ పెడదామంటే ఫోన్లో అక్షరాలు ఈ మధ్య చీమల బారులా కనబడుతున్నాయి. ఎవడు తయారు చేస్తున్నాడో గానీ నానాటికీ చిన్నవి చేస్తున్నాడు. అందుకే కాగితం.

విషయం మన బండి గురించి. డెబ్బై నాలుగు మోడల్ అయినా ఇప్పటికీ రెండో కిక్కుకే లేస్తుంది. ఇద్దరం కలిసి కొన్నప్పుడు ముందు చక్రం నీది, వెనక చక్రం నాది అని పంచుకున్నాం కదా. ఆ లెక్కన హెడ్‌లైట్ నీ వాటా. నీ వాటా పాడైంది, వచ్చి చూసుకో.

పదేళ్ళ కింద నువ్వు వచ్చినప్పుడు ఆరు వోల్టుల బండిని పన్నెండుకు మార్చిపోయావు. అప్పుడు బాగానే ఉండేది. ఇప్పుడు లైటు వేస్తే రోడ్డు మీద మజ్జిగ పోసినట్టు ఉంటుంది. కొత్త బల్బు వేశాను, అయినా అంతే. మొన్న మా బామ్మర్ది మొగిలి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చాడు. కాంటా మీద తూకం కాక రెండు రోజులు అక్కడే ఉండిపోతే, పొద్దుగూకే వేళ అన్నం డబ్బా తీసుకుని పోయాను. లైటు వల్ల కొంచెం ఇబ్బంది అయింది. పెద్ద సంగతేం కాదు.

ఇక్కడ మెకానిక్‌లను అడిగితే, "కాకా, గీ బండిని మ్యూజియంల పెట్టరాదు" అని నవ్వుతున్నారు. వాళ్ళ చేతికి ఇవ్వను. ఏం చేయాలో నువ్వు రాసి పంపు, నేనే చేసుకుంటాను. బొమ్మ గీస్తే పెద్దగా గియ్యి.

బాలకిషన్


భివండీ
ఫిబ్రవరి 14

అరే బాలకిషన్,

ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ నా చేతికిచ్చి, ఈ కాలంలో కూడా ఎవరు రాస్తున్నారని అడిగాడట. నాకు వినపడలేదు. మా కోడలు తర్వాత కాగితం మీద రాసి చూపించింది.

నీ జబ్బు నాకు అర్థమైంది. జబ్బంటే బండిది. బ్యాటరీ నుంచి కరెంటు బయలుదేరి, సీటు కింది నుంచి ముందుకు వచ్చి, తాళం స్విచ్‌లో దూరి, అక్కడి నుంచి హ్యాండిల్ మీది బటన్ దాకా పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి బల్బును చేరుతుంది. ఆ వైర్లు యాభై ఏళ్ళనాటివి, సన్నవి. దారిలోనే సగం బలం పోతుంది. ఎనుమాములలో సేటు "ఎత్తు" అంటాడు, హమాలీ బస్తా ఎత్తుతాడు. అంతే కదా? మన బండిలో సేటు చేతనే బస్తా మోయిస్తున్నాం. స్విచ్ ఉన్నది మాట చెప్పడానికి. మోయడానికి ఒక హమాలీ కావాలి. ఆ హమాలీ పేరే రిలే.

ముందు ఒక పని చెయ్యి. మీటర్ తెచ్చి, లైటు వేసి ఉంచి, బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులో, బల్బు దగ్గర ఎన్ని వోల్టులో చూడు. ఒక వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటేనే రిలే వెయ్యి.

రెండు రిలేలు కొను. డిమ్ముకు ఒకటి, పెద్ద లైటుకు ఒకటి. ఒక్కోదానికి నాలుగు కాళ్ళుంటాయి, కాళ్ళ పక్కన నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి లావు వైరు తీసుకురా. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, ఇది మరవకు. 87 నుంచి బల్బుకు. ఇన్నాళ్ళూ బల్బును మోసిన పాత స్విచ్ వైరును 86కు తగిలించు. 85ను ఎర్తుకు. బొమ్మ వెనక పేజీలో ఉంది, నువ్వన్నట్టే పెద్దగా గీశాను. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు విప్పు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, అంత వదులు ఉంచి వైరు కట్టు.

చెల్లెను అడిగినట్టు చెప్పు. బండి వెనక ఆమెకు ఇప్పుడైనా మంచి సీటు వేయించావా?

సదానందం


మట్టెవాడ
మార్చి 2

సదానందానికి,

నువ్వు గొప్పవాడివిరా. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర. బల్బు దగ్గర తొమ్మిదిన్నర. మూడు వోల్టులు దారిలోనే మాయం!

స్టేషన్ రోడ్డులో రమాకాంత్ అనే అతని షాపులో రిలేలు, హోల్డర్లు, వైరు, ఫ్యూజులు తెచ్చాను. ఆదివారం పొద్దున వాకిట్లో నేను నేసిన పాత జంపఖానా ఒకటి పరిచి, హెడ్‌లైట్ డోము విప్పి కూర్చున్నాను. లోపల ఎలుక ఎప్పుడో కాపురం పెట్టి ఖాళీ చేసి పోయింది. శుభ్రం చేసి, నీ బొమ్మ ముందు పెట్టుకుని అంతా కలిపాను. స్విచ్ వేశాను. టప్ మని ఫ్యూజు పోయింది.

మళ్ళీ ఇంకో ఫ్యూజు వేశాను. అదీ పోయింది. నువ్వు ఫ్యూజు పెట్టమనకపోతే ఆ రోజు బండికి దహనసంస్కారమే. అప్పుడు నీ చెల్లె శ్యామల వచ్చి రిలేను చేతిలోకి తీసుకుని, "85ల పెట్టాల్సింది 87ల పెట్టినవ్, 87ది 85ల పెట్టినవ్" అంది. ఆ నంబర్లు అచ్చేసినవాడిని ఏమనాలి? ఐదుకు, ఏడుకు తేడా తెలియకుండా వేశాడు. మార్చి పెట్టాక లోపల టిక్కుమని చిన్న చప్పుడు, లైటు వెలిగింది. ఆ టిక్కు ఎంత బాగుందో! పదిసార్లు వేసి ఆర్పాను.

బల్బు దగ్గర ఇప్పుడు పన్నెండు పాయింట్ రెండు.

కానీ ఒక మాట. పొద్దుగూకినాక రోడ్డు మీదికి తీస్తే మళ్ళీ అదే మజ్జిగ. ఎదురొచ్చే బండ్ల లైట్ల చుట్టూ పత్తికాయ పగిలినట్టు తెల్లగా విచ్చుకుంటోంది. హెడ్‌లైట్ అద్దం పాతబడిందంటావా? దొరికితే భివండీలో కొత్తది చూడు.

బాలకిషన్


మట్టెవాడ
మార్చి 3

సదానందం అన్నకు శ్యామలమ్మ దండాలు.

అన్నా, నా రాత చూసి నవ్వకు. నేను రాసినట్టు మీ దోస్తుకు చెప్పకు. నిన్న ఆయన నీకు ఉత్తరం రాస్తుంటే పక్కన్నే కూసున్న. రాయాల్సిందంతా రాయలే.

లైటుకేం కాలేదన్నా. మస్తుగ ఉంది. మొన్న వాకిట్ల వేస్తే ఎదురింటి వరలక్ష్మి, "అక్కా, మీ ఆయనకు జర చెప్పు, మా ఇంట్ల సూర్యుడు పొడిచిండు" అని మొత్తుకుంది. ఈయన నా పక్కన్నే నిలవడి, "ఇంక డిమ్ముగనే ఉంది గదనే" అంటాండు.

ఎనుమాములల జర ఇబ్బంది అయిందని రాసిండట గద. గదేందో చెప్త విను. సక్కగ పోయి మిర్చి బస్తాల గుద్దిండు. నిలువెత్తు పేర్చి ఉన్నయ్, అయినా కనవడలే. రెండు బస్తాలు పలిగినయ్. ఈయన, మా తమ్ముడు, ముగ్గురు హమాలీలు కలిసి తుమ్ముడే తుమ్ముడు. అన్నం డబ్బా మిర్చిల దొరికింది. మా తమ్ముడు చెప్పి చెప్పి నవ్విండు, నేను సుత నవ్విన. తర్వాత కూసుండి ఆలోచిస్తే నవ్వు రాలే. బస్తాలు కాబట్టి సరే. ఆడ ఎవరన్న మనిషి కూసుంటే?

ఇంకోటి. పోయిన నెల నేతోళ్ళ సొసైటీ నుంచి జంపఖానా వాపస్ వచ్చింది. తెల్ల గీత ఉండాల్సిన కాడ మీగడ రంగు పోగు పడ్డది. ఆయన చేతుల నుంచి అసొంటిది నేను ఎన్నడు చూడలే. తెగిన పోగు కండ్లకు దొరుకక వేళ్ళతోని తడుముకుంటాండు. నేను చూడనట్టే ఉంటాన. దవాఖానకు పోదామంటే, "మా బాపుకు ఏమైందో ఎర్కలేదా" అని లేచి పోతాండు. నేను ఆ బండి ఎక్కుడు బంద్ చేసిన.

నీ మాట ఒక్కటే ఇంటడు. ఎట్ల చెప్తవో నీ ఇష్టం.

శ్యామల


భివండీ
మార్చి 12

బాలకిషన్,

పన్నెండు పాయింట్ రెండు అంటే వైరింగు పాసైంది. నేను చేసినా అంతకంటే రాదు. హెడ్‌లైట్ అద్దం కొనను.

నీ ఉత్తరాలు రెండూ ముందు పెట్టుకుని మీటర్ పట్టినట్టు చదివాను. ఫోన్లో అక్షరాలు చీమలు. బొమ్మ పెద్దగా గియ్యాలి. ఐదుకు, ఏడుకు తేడా తెలియదు. లైట్ల చుట్టూ పత్తి విచ్చుకుంటుంది. మొదటి ఉత్తరంలో పేజీకి ఇరవై వరసలు రాశావు, రెండోదాంట్లో పన్నెండే, దుకాణం బోర్డు రాసినట్టు.

ఫాల్టు వెతికేటప్పుడు బ్యాటరీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క జాయింటు చూసుకుంటూ పోవాలి. బ్యాటరీ బాగుంది. ఫ్యూజు, రిలే బాగున్నాయి. బల్బు బాగుంది. బల్బు నుంచి వెలుగు రోడ్డు మీద పడుతోంది. రోడ్డు నుంచి నీ దగ్గరికి వచ్చేదాకా ఇంకొక్క జాయింటే మిగిలింది. దానికి నేను బొమ్మ గీయలేను.

కంట్లో పొర వచ్చిందిరా. మన వయసుకు వస్తుంది. ఈ సందులో నలుగురికి తీశారు. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నారు. నీకు భయమెందుకో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. దవాఖానకు పో.

సదానందం


మట్టెవాడ
మార్చి 20

సదానందం,

నేను అడిగింది హెడ్‌లైట్ గురించి. నువ్వు డాక్టరువు ఎప్పుడయ్యావు? శ్యామల నీకేమైనా రాసిందా?

మా బాపును కంటి క్యాంపుకు తీసుకుపోయిన రోజు నువ్వూ ఉన్నావు. పోయినప్పుడు రెండు కళ్ళూ మసకే. వచ్చాక నెల తిరగకుండా ఒకటి మొత్తానికే చీకటి. ఆయన మళ్ళీ మగ్గం ఎక్కలేదు. పదకొండేళ్ళు అరుగు మీద కూర్చుని నేను నేస్తుంటే చప్పుడు వింటూ బతికాడు. పేక పోగు సరిగ్గా పడకపోతే చప్పుడును బట్టే చెప్పేవాడు.

నాకు ఇప్పుడు మసకగానైనా కనబడుతోంది. తడుముకుంటూనైనా రోజుకు మూరెడు నేస్తున్నాను. ఉన్నది కూడా పోతే ఏం చెయ్యను చెప్పు?

బండి అమ్మేస్తాను. లైటు గొడవే ఉండదు.

బాలకిషన్


భివండీ
మార్చి 27

(పోస్టుకార్డు)

ముందు చక్రం నాది. నన్ను అడగకుండా అమ్మే హక్కు నీకు లేదు. నా వాటా చూసుకోవడానికి నేనే వస్తున్నాను. ఏప్రిల్ 5న కాజీపేటలో దిగుతాను. స్టేషన్‌కు బండి మీద రాకు. నాకు బతకాలని ఉంది. ఆటోలో వస్తాను. చెల్లెను ఎల్లిపాయ కారం చేసి ఉంచమను.

సదానందం


మట్టెవాడ
ఏప్రిల్ 26

సదానందానికి,

క్షేమంగా చేరావని మీ కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఈ ఉత్తరం ఒక కన్నుతో రాస్తున్నాను. కొత్త కన్నుతో. రెండోది వర్షాలు పడ్డాక చేస్తామన్నారు. వరసలు లెక్కపెట్టుకో, పేజీకి ఇరవై రెండు.

నువ్వు వచ్చి నన్ను తిడతావనుకున్నాను. రెండు రోజులు దవాఖాన మాటే ఎత్తకుండా నా వైరింగు చూసి, ఒక్క జాయింటు మళ్ళీ వేసి, మూడో రోజు పొద్దున చొక్కా తొడుక్కుని "నడువ్" అన్నావు. నేను ఎందుకు లేచి వచ్చానో నాకే తెలియదు.

దవాఖానలో నీకు వినపడకపోయినవి కొన్ని ఉన్నాయి. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మనం బెంచీ మీద గంటన్నర ఎందుకు కూర్చున్నామో తెలుసా? శ్యామల ఇంకా టిఫిన్ డబ్బా పట్టుకుని రాలేదు, నర్సమ్మ నా పేరు మూడుసార్లు పిలిచింది. నాకు వినపడింది, కానీ ఏ తలుపు దగ్గర నిలబడి పిలుస్తోందో కనబడలేదు. నువ్వు ఆమె వైపే చూస్తున్నావు, ఆమెను చూసి నవ్వావు కూడా, కానీ పిలుస్తోందని నీకు తెలియదు. చివరికి ఆమే వచ్చి, "పేషెంట్ మీకేమైతడు?" అని నిన్ను అడిగింది. నువ్వు ఛాతీ విరుచుకుని చెప్పావు: "డెబ్బై నాలుగు మోడల్, మేడం. ఇప్పటికి సుత మంచిగనే నడుస్తాంది."

ఆమె కాగితం అడ్డం పెట్టుకుని నవ్వుతూ లోపలికి పోయింది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక డాక్టరు కూడా, "ఏం పెద్దమనిషీ, డెబ్బై నాలుగు మోడలేనా?" అన్నాడు. నవ్వొచ్చింది. "నవ్వకు, కదలొద్దు" అన్నాడు. భయపడడానికి తీరిక దొరకలేదురా.

మర్నాడు పట్టీ విప్పినప్పుడు మొదట కనబడింది గోడ. అంత తెల్లటి గోడ ఉంటుందని మరిచిపోయాను. తర్వాత నువ్వు. ఏంరా, ఇంత ముసలోడివి ఎప్పుడయ్యావు? చెప్పనేలేదు.

బాలకిషన్


భివండీ
మే 7

బాలకిషన్,

నర్సమ్మ సంగతి చదివి మా కోడలు ఇల్లంతటికీ వినిపించింది. వినపడనిది నాకొక్కడికే కాబట్టి నేను చదువుకున్నాను.

నీకు వినపడినవి నువ్వు రాశావు. నాకు కనబడినవి నేను రాస్తాను. నిన్ను లోపలికి తీసుకుపోయాక చెల్లె కిటికీ దగ్గర నిలబడింది. అరగంట అటు తిరిగే ఉంది. డాక్టరు బయటికి వచ్చి బొటనవేలు పైకెత్తి చూపించాడు. అప్పుడు ఆమె మనకోసం తెచ్చిన టిఫిన్ డబ్బా పక్కన కూర్చున్న ఎవరో ముసలమ్మ చేతిలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. ఆ రోజు మనం పస్తు ఎందుకున్నామో ఇప్పుడు తెలిసిందా?

ఇంకో సంగతి ఉంది. అక్కడుండగా చెప్పలేకపోయాను. మీ బాపును ఆ క్యాంపుకు పొమ్మన్నది నేనే. నీకు తెలియకుండా నన్ను అడిగాడు, "పోవాల్నా బిడ్డా?" అని. నేను "పో బాపూ, ఏం కాదు" అన్నాను. నేను భివండీ వచ్చింది పని కోసమే. కానీ మీ అరుగు ముందు నుంచి నడవడం కష్టమయ్యేది, అది కూడా నిజం. నిన్ను దవాఖానకు పొమ్మన్నది కూడా నేనే. రాసి ఊరుకోలేక వచ్చాను. నీకు కూడా ఏమైనా అయితే నేను అక్కడ ఉండాలనుకున్నాను.

ఇన్నేళ్ళు దాచినందుకు ఏమంటావో అను.

సదానందం


మట్టెవాడ
జూన్ 19

సదానందానికి,

ఆలస్యమైంది. నీ ఉత్తరానికి జవాబు ఊరికే కూర్చుని రాయాలనిపించలేదు, మళ్ళీ ఒక జంపఖానా నేశాకే రాద్దామనుకున్నాను.

బాపును పొమ్మన్నది నువ్వేనని నాకు తెలుసు. ఆయనే చెప్పాడు. కానీ నీకు తెలియంది ఒకటుంది. డాక్టర్లు నెల రోజులు మగ్గం వద్దన్నారు, దుమ్ము తగలొద్దన్నారు. బాపు నాలుగో రోజే పట్టీ జరిపేసి మగ్గం గుంటలో కూర్చున్నాడు. పెళ్ళివాళ్ళకు ఇవ్వాల్సిన జంపఖానా సగంలో ఉంది. నేను చూశాను. "వద్దు బాపూ" అని ఒక్కసారి అన్నాను. ఆయన వినలేదు. నేనూ గట్టిగా ఆపలేదు, ఎందుకంటే తొందరలో ఉన్నది నేను కూడా. కంట్లో చీము పట్టింది. తప్పు క్యాంపుది కాదు, నీది అసలే కాదు. ఆ మాట నేనెవరికీ చెప్పలేక, అందరికీ క్యాంపు పేరు చెప్పాను. నువ్వు దాన్ని భివండీ దాకా మోసుకుపోతావని నాకేం తెలుసు? ఇక దించెయ్యి.

అందుకే ఈసారి నలభై రోజులు మగ్గం ముట్టలేదు. శ్యామల మగ్గం గదికి తాళం వేసి, తాళంచెవి వరలక్ష్మి దగ్గర దాచింది. పోయిన నెలలో తీసింది. మొదటి జంపఖానా సొసైటీకి పోయింది. వాపస్ రాలేదు.

నిన్న సంగతి చెప్పాలి. డాక్టరు బండి నడపవచ్చన్నాడు. రఘునాథపల్లిలో మొగిలి పత్తి గింజలు పెట్టాడు, చూసివద్దామని బయలుదేరాను. శ్యామల వాకిట్లో కాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు తొడుక్కుని వచ్చి వెనక కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు పొద్దుగూకింది, సన్నగా చినుకులు. బటన్ నొక్కాను. ఒరే, రోడ్డంతా పరుచుకుంది వెలుగు! తడి రోడ్డు మీద తెల్ల గీతలు, పక్కన కిలోమీటరు రాళ్ళు, రాయి మీద నంబరు కూడా చదివాను. ఎదురుగా వచ్చే లారీవాడు కళ్ళు మూసుకుని తిట్టుకుంటూ లైటు కొట్టాడు. మర్యాదగా డిమ్ము చేశాను.

అంతా బాగుంది గానీ వెనక శ్యామల నోరు విప్పలేదు. రఘునాథపల్లి నుంచి సగం దూరం వచ్చినా ఒక్క మాట లేదు. ఎప్పుడూ అట్లా ఉండదు. బండెక్కిందంటే "మెల్లగ పో, ముంగట గుంత ఉంది, పక్కకు జరుగు, ఆవు కూసుంది" అని ఇల్లు చేరేదాకా ఆగేది కాదు. మొన్న బండెక్కడం మానేసేదాకా నాలుగేళ్ళు ఇదే. నాకు విసుగొచ్చి ఎన్నోసార్లు కసిరాను కూడా. కోపం వచ్చిందేమోనని బండి పక్కకు ఆపి అడిగాను.

"ఏమైందే? సప్పుడు చేస్తలేవు?"

"ఇగ చెప్పేదేముంది?" అంది, మొఖం మీది చినుకులు తుడుచుకుంటూ. "నీకు కనవడ్తాంది గద."

నేను బండి తియ్యకుండా హెడ్‌లైట్ మీది చినుకులు తుడుస్తూ కూర్చున్నాను. చివరికి తనే భుజం మీద తట్టి, "నడువ్, వాన ఎక్కువైతాంది" అంది.

నీ
బాలకిషన్